సిస్టర్ బాగానే చూస్తుంది, మరి డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?

ఒక గ్రామీణ ఆసుపత్రిలో బీపీ, షుగర్ రోగులను నర్సుకు అప్పగించినప్పుడు ఏం జరిగిందో చెప్పే కేస్ స్టడీ ఇది. అందుకోసం పెట్టిన గదిలో కూర్చున్న నర్సును నేనే. రోగులెవరో తెలియకుండా వయసు, కుటుంబం లాంటి వివరాలు మార్చాను. జబ్బు, మందు, చికిత్సకు సంబంధించినవి ఉన్నవున్నట్టే రాశాను.

నేపథ్యం

ఆసుపత్రికి డాక్టరు ఒక్కరే. ఓపీ, వార్డు, కాన్పులు, దెబ్బలు తగిలి వచ్చేవాళ్లు, అన్నీ ఆయనే చూడాలి. ఆయన కాన్పుల గదిలోకి వెళ్లారంటే ఓపీ ఆగినట్టే. అలా ఆగినప్పుడు ఎక్కువ నష్టపోయేది బీపీ, షుగర్ ఉన్నవాళ్లు. ఆ పూట వాళ్ల ప్రాణం మీదికి వచ్చిందేమీ ఉండదు కాబట్టి కాసేపు చూసి లేచి వెళ్లిపోతారు. ఇంట్లో మాత్రలు అయిపోతాయి. మళ్లీ వచ్చేసరికి బీపీ ఎక్కడో ఉంటుంది. కొందరికి అప్పటికే ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి ఉంటాయి.

అందుకే వీళ్లను నర్సు చూసేలా ఏర్పాటు చేశారు. నోటిమాటగా కాదు, రాసిపెట్టిన ప్రొటోకాల్‌తోనే. బీపీ ఎంత ఉంటే ఏ మాత్ర మొదలుపెట్టాలి, ఎన్నాళ్లకు మళ్లీ రమ్మనాలి, మోతాదు ఎప్పుడు పెంచాలి, ఏ లక్షణం కనిపిస్తే చేతిలో పని వదిలేసి డాక్టరును పిలవాలి, అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన బీపీ మందుల మార్గదర్శకాల ప్రకారం నర్సులు, ఫార్మసిస్టులు కూడా ఈ చికిత్స చేయవచ్చు. కాకపోతే కొన్ని షరతులున్నాయి: సరైన శిక్షణ, మందు రాసే అధికారం, స్పష్టమైన ప్రొటోకాల్, డాక్టరు పర్యవేక్షణ. మా దగ్గర శిక్షణ ఉంది, ప్రొటోకాల్ ఉంది, పర్యవేక్షణా ఉంది. మందు రాసే అధికారం కాగితం మీద ఉంది. మందుల కిటికీ దగ్గర అది ఎంతవరకు చెల్లిందన్నది ముందు ముందు వస్తుంది.

ఫారాలు చెప్పింది, బెంచీలు చెప్పింది

గది మొదలైన కొన్నాళ్లకు రోగుల చేత ఒక ఫారం నింపించారు. సిస్టర్ మీతో మర్యాదగా మాట్లాడారా, మీరు చెప్పింది విన్నారా, మీకు తృప్తిగా ఉందా అనే రకం ప్రశ్నలు. దాదాపు అందరూ అన్నిటికీ 'బాగుంది' అనే పెట్టారు. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.

నాకు మాత్రం ఆ ఫారాల మీద పెద్దగా నమ్మకం కలగలేదు. చుట్టుపక్కల ఉన్నది ఈ ఆసుపత్రి ఒక్కటే. రేపు మళ్లీ నా దగ్గరికే రావాల్సిన మనిషి, నేను ఎదురుగా ఉండగా, నా గురించి చెడ్డగా ఎందుకు రాస్తాడు? పైగా మర్యాద గురించి అడిగితే మర్యాద గురించే చెబుతారు. నన్ను ఆలోచనలో పడేసింది బయట బెంచీలు. నా గదిలో బీపీ చూపించుకుని, మాట్లాడి, మందు మార్పించుకుని బయటికి వెళ్లినవాళ్లలో చాలామంది అదే చీటీ పట్టుకుని డాక్టరు గది ముందు మళ్లీ కూర్చునేవాళ్లు. ఎందుకని అడిగితే ఇబ్బందిగా నవ్వి, "ఊరికే సిస్టర్, ఒకసారి చూపించుకుని పోదామని" అనేవాళ్లు.

అంటే వాళ్ల లెక్కలో నా దగ్గర జరిగింది చికిత్స కాదన్నమాట. డాక్టరును చూసేలోపు జరిగే పనుల్లో అదొకటి, అంతే.

మొదటి కేసు: కాళ్ల వాపు

అరవై దాటిన మనిషి. వ్యవసాయం చేసి మానేశాడు. వరుసగా రెండు విజిట్లలో బీపీ 168/102 దగ్గర ఉండటంతో ప్రొటోకాల్ ప్రకారం ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం, తర్వాత 10కి పెంచాం. 136/84కి వచ్చింది. ఆ తర్వాత మనిషి కనిపించడం మానేశాడు. చాలా ఆలస్యంగా ఒకరోజు వచ్చాడు, బీపీ 160 పైనే ఉంది.

మాత్రలు వేసుకుంటున్నారా అని నేను అడగలేదు. అలా అడిగితే 'వేసుకుంటున్నా' అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. కఫ్ విప్పుతూ, "ఈ మాత్రలతో ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా బాబాయ్?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పంచె కాస్త పైకి జరిపి చీలమండలు చూపించాడు.

"సాయంత్రమయ్యేసరికి ఇలా ఉబ్బుతున్నాయమ్మా. కిడ్నీలు పోతే ఇలాగే వస్తుందంట కదా. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటున్నా."

ఆ మధ్యలో ఒకసారి డాక్టరు దగ్గరికి వేరే పని మీద వెళ్లాడట. అక్కడ ఈ మాట ఎత్తలేదు. "ఆయన హడావిడిలో ఉన్నారు, అయినా ఆయన నోటి నుంచి కిడ్నీలు పోయాయనే మాట వినాలంటే భయమేసింది" అన్నాడు.

బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది. రెండు కాళ్లకూ సమానంగా ఉంది. ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే ఆలోచన వేరే దారిలో పోవాలి. పడుకుంటే ఆయాసం లేదు, పొద్దున్నే మొహం ఉబ్బడం లేదు, మూత్రం తగ్గలేదు. మూత్రం పట్టుకు రమ్మని అతని ఎదురుగానే స్ట్రిప్ ముంచాను. ప్రొటీన్ గడి రంగు మారలేదు. స్ట్రిప్‌ను సీసా మీది రంగుల పట్టీ పక్కన పెట్టి, "కిడ్నీలోంచి ప్రొటీన్ పోతుంటే ఇది ఆకుపచ్చకు తిరగాలి. పసుపుగానే ఉంది చూడండి" అన్నాను. ఇదొక్కటే చాలదని చెప్పి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్, పొటాషియం పరీక్షల కోసం రక్తం కూడా తీశాను.

వాపు ఎందుకొచ్చిందో కూడా చెప్పాను. ఈ మాత్ర సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, బీపీ తగ్గేది అందుకే. కానీ రక్తం వెనక్కి తీసుకెళ్లే సిరలు అంతగా వెడల్పు కావు. మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరి, కిందికి దిగి చీలమండల దగ్గర చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీరు పోయే మాత్రలతో ఇది పెద్దగా తగ్గదు. మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది. ప్రొటోకాల్‌లో ఉన్నట్టే ఆమ్లోడిపిన్‌ను మళ్లీ 5కి దించి, లోసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్ర కలిపి రాశాను.

అంతా శ్రద్ధగా విన్నాడు. "బాగా చెప్పావమ్మా. ఇన్నాళ్లకు మనసు కుదుటపడింది" అన్నాడు. లేచి నిలబడి, "ఒక్కసారి డాక్టర్ గారికి కూడా చూపించి పోతా" అన్నాడు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. అసలు దెబ్బ మాత్రం ఆ తర్వాత తగిలింది. ఆ రోజు డాక్టరు ఆపరేషన్‌లో ఉండటంతో అతను నేరుగా మందుల కిటికీకి వెళ్లాడు. ఫార్మసిస్టు చీటీ చూసి వెనక్కి ఇచ్చేశాడు. ఆమ్లోడిపిన్ ఇస్తాడట, లోసార్టాన్ కొత్త మందు కాబట్టి డాక్టరు సంతకం కావాలట. అది అతని సొంత పెత్తనం కాదు, రిజిస్టరులో ఉన్న రూలే. ప్రొటోకాల్ మారింది, రిజిస్టరు మారలేదు.

తర్వాత మా సహోద్యోగితో అతను అన్న మాట ఇది: "నా కాళ్ల సంగతి పట్టుకుంది ఆమే. ఆమె మీద నాకు గురి ఉంది. కానీ ఆమె రాసిన చీటీకి మందే ఇవ్వలేదు కదా?"

రోగులు ఏమనుకుంటున్నారు

ఈ విషయాలు నేను అడిగితే నిజం రాదు కాబట్టి, యూనిఫాం వేసుకోని సహోద్యోగి ఒకామె రోగులతో బయట తీరిగ్గా మాట్లాడింది. బాగున్నదా అని అడగలేదు. 'మళ్లీ ఒంట్లో బాగోలేకపోతే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?' అని అడిగింది. ప్రశ్న మారేసరికి జవాబులూ మారిపోయాయి.

నర్సుకు ఏమీ తెలియదు అన్నవాళ్లు దాదాపు లేరు. బీపీ చూడటం, సూది, కట్టు, మందు ఎలా వేసుకోవాలో చెప్పడం, వీటిలో డాక్టరు కంటే నర్సే నయమన్నవాళ్లు చాలామంది. డాక్టరుకు చెప్పలేనివి సిస్టర్‌కు చెప్పుకోవచ్చన్నారు. ముఖ్యంగా ఆడవాళ్లు. మాత్రలు మానేసిన సంగతి, మూత్రం ఆపుకోలేకపోవడం, ఇంట్లో గొడవలు, ఇవన్నీ నా గదిలోనే బయటపడేవి. చెప్పుకోవడానికి నర్సు, తేల్చడానికి డాక్టరు. వాళ్ల మనసులో గీత అక్కడ ఉంది.

నేను ఊహించనిది ఇంకోటి తేలింది. ఎప్పుడో ఒకసారి వార్డులో అడ్మిట్ అయినవాళ్లు, కాన్పుకు వచ్చినవాళ్లు నా గదిలోంచి డాక్టరు బెంచీకి పెద్దగా వెళ్లేవాళ్లు కాదు. అర్ధరాత్రి డాక్టరు లేనప్పుడు నర్సులు ఏం చేస్తారో వాళ్లు కళ్లారా చూశారు. పగటి ఓపీకి మాత్రమే వచ్చేవాళ్లకు ఆ అనుభవం లేదు. వాళ్లకు కనిపించే నర్సు ఎప్పుడూ డాక్టరు పక్కన నిలబడి చీటీలు అందించే మనిషే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ పట్టి ఉంచింది ఒక ఫిర్యాదు. కాస్త చదువుకున్న కుర్రాడొకడు, తల్లిని తీసుకొచ్చినవాడు, సూటిగానే అన్నాడు: "పట్నంలో వాళ్లకు డాక్టర్లు, మాకు నర్సులా? మాకు ఇది చాల్లే అనుకున్నారా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. నర్సులకు ఈ బాధ్యత ఇచ్చిన చోట మొదట చెప్పిన కారణం తరచుగా డాక్టర్ల కొరతే. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టిషనర్ (అదనపు శిక్షణతో తానే రోగులను చూసి చికిత్స చేసే నర్సు) శిక్షణ మొదలుపెట్టినప్పుడు కూడా, డాక్టర్లు అందని చోట పిల్లలకు వైద్యం ఎలా అన్నదే వాళ్ల ముందున్న సమస్య. 'డాక్టరు లేడు కాబట్టి నర్సు' అని మనమే చెప్పుకుంటూ పోతే, డాక్టరు కనిపించగానే రోగి అటు వెళ్లడంలో తప్పేముంది? లోటు పూడ్చడానికి పెట్టిన మనిషిని ఎవరైనా లోటుగానే చూస్తారు.

ఆ కుర్రాడికి జవాబు లేకపోలేదు. నర్సు చికిత్స పల్లెలకు మాత్రమే పరిమితమైన ఏర్పాటు కాదు. న్యూయార్క్ నగరంలో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2000లో వచ్చాయి. 1,316 మందిని లాటరీ పద్ధతిలో కొందరిని నర్స్ ప్రాక్టిషనర్లకు, కొందరిని డాక్టర్లకు అప్పగించారు. 6 నెలల తర్వాత ఆరోగ్యంలో తేడా లేదు. బీపీ రోగుల్లో కింది అంకె నర్సులు చూసినవాళ్లకే కాస్త తక్కువగా ఉంది. మొదటి విజిట్ తర్వాత తృప్తిలోనూ తేడా కనిపించలేదు. మా ఆసుపత్రికి నేను తీసుకున్న పాఠం ఆ అధ్యయనం ఏర్పాటులోనే ఉంది: అక్కడి నర్సులకు మందు రాయడంలో, రోగిని వేరే చోటికి పంపడంలో, అడ్మిట్ చేయడంలో డాక్టర్లతో సమానమైన అధికారం ఉంది. వాళ్ల చీటీని ఏ కిటికీ వెనక్కి పంపలేదు.

వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2018లో వచ్చింది, అది 18 అధ్యయనాలను కలిపి చూసి ఇంచుమించు ఇదే చెప్పింది. నర్సుల దగ్గర ఫలితాలు సమానంగా లేదా కాస్త మెరుగ్గా ఉన్నాయి, నర్సులు ఎక్కువసేపు మాట్లాడతారు, రోగుల తృప్తి కొంచెం ఎక్కువ. అయితే ఆ 18లో ఒక్కటి తప్ప అన్నీ సంపన్న దేశాలవే. అందుకే ఆ తృప్తి అంకెలను తెచ్చి మా బెంచీల పక్కన పెట్టి చూసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఏం మార్చాం

ముందు రిజిస్టరు. ప్రొటోకాల్‌లో ఉన్న ప్రతి మందుకూ నర్సు సంతకం చెల్లుతుందని డాక్టరు రాసి, ఆ జాబితాను మందుల కిటికీ లోపల అతికించారు. చెప్పుకుంటే చిన్న పని. దీనికి పట్టిన సమయం మాత్రం మిగతా అన్ని మార్పులకు కలిపి పట్టిన దానికంటే ఎక్కువ. సంతకాల విషయం కదా, ఎవరికి వాళ్లకు టెన్షన్.

రెండోది డాక్టరు ప్రవర్తన. అంతకుముందు నా చీటీతో ఎవరు వచ్చినా ఆయన మళ్లీ మొదటి నుంచి బీపీ చూసి, అదే మందు తన చేత్తో రాసేవారు. మంచి ఉద్దేశంతోనే. కానీ అలా చేసిన ప్రతిసారీ, ఎదురుగా కూర్చున్న మనిషికి నా గదిలో జరిగింది లెక్కలోకి రాదనే అర్థమయ్యేది. ఇప్పుడు ఎవరైనా అలా వస్తే, "సిస్టర్ ఏం చెప్పారు?" అని అడిగి, చీటీ చదివి, "సరిగ్గానే రాశారు, అలాగే వేసుకోండి. మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లండి" అంటారు. నాతో ఏకీభవించకపోతే నా గదికే వచ్చి, రోగి ముందే, నాతో మాట్లాడి మారుస్తారు. రోగి ముందు అభిప్రాయభేదం బయటపడితే నమ్మకం పోతుందని భయపడ్డాం. పోలేదు. ఇద్దరూ తన గురించి మాట్లాడుకోవడం చూడటమే చాలామందికి ధైర్యం ఇచ్చింది.

చీటీ మీద నా పేరు, ఏం మార్చాను, ఎందుకు మార్చాను, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. గదికి ఒక తలుపు, రోగికి కూర్చోవడానికి సరైన కుర్చీ కూడా వచ్చాయి.

రెండో కేసు: పంపించడం

షుగర్ ఉన్న యాభై ఏళ్ల ఆవిడ. మామూలు చెకప్‌కే వచ్చింది. నీరసంగా ఉందని, పొద్దుటి నుంచి చెమటలు పడుతున్నాయని, కడుపు పైభాగంలో బరువుగా ఉందని చెప్పింది. గుండెల్లో నొప్పి ఏమీ లేదంది. గ్యాస్ మాత్ర ఇస్తే వెళ్లిపోతానంది. షుగర్ పడిపోయిందేమోనని ముందు అది చూశాను, పడిపోలేదు. షుగర్ ఉన్నవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఇలాంటప్పుడు 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. తీశాం. మార్పులు కనిపించాయి. డాక్టరు వచ్చి చూసి, ఆస్పిరిన్ నమిలించి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు.

వైద్యపరంగా ఇందులో గొప్పేమీ లేదు. ప్రొటోకాల్‌లో ఉన్నదే చేశాం. అయితే రోగిని వేరే చోటికి పంపితే, 'సిస్టర్ వల్ల కాలేదు' అనే మాట వస్తుందని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. జరిగింది వేరు. ఆవిడ కోలుకుని తిరిగొచ్చాక, వాళ్ల ఊరివాళ్లు నా గదికి ఎక్కువగా రావడం మొదలైంది. ఎందుకు నమ్ముతున్నారని మా సహోద్యోగి అడిగితే వచ్చిన జవాబుల్లో ఒకటి: "ఆమె తన దగ్గర పెట్టుకోకూడనిది పెట్టుకోదు." నాకు జబ్బు తెలిసినందుకు కాదట, నా హద్దు నాకు తెలిసినందుకట.

పనికిరాని చోట

అన్నిచోట్లా ఇదే మార్పు రాలేదు. పిల్లలకు జ్వరమొస్తే తల్లిదండ్రులు ఇప్పటికీ డాక్టరు కోసమే ఆగుతారు. కొత్తగా వచ్చిన కడుపునొప్పి, తలనొప్పి లాంటి వాటికీ అంతే. పేరు తెలిసిన పాత జబ్బయితే నర్సు చాలు, పేరు పెట్టాల్సిన కొత్త జబ్బయితే డాక్టరు కావాలి అన్నది వాళ్ల తూకం. నిజం చెప్పాలంటే నా శిక్షణ కూడా ఇంచుమించు ఆ తూకానికి తగ్గట్టే ఉంది, కాబట్టి దాన్ని అపోహ అనలేను. మెడికల్ సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు ఎలాగూ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. వయసు మళ్లిన మగవాళ్లలో కొందరికి నా వయసే అడ్డు, దానికి మందు లేదు.

ఇప్పుడున్న చిక్కు

కాళ్ల వాపుతో వచ్చిన పెద్దాయన ఇప్పుడు క్రమం తప్పకుండా వస్తున్నాడు. వాపు తగ్గింది, బీపీ 140 లోపే ఉంటోంది. మొన్న నేను సెలవులో ఉన్నప్పుడు వచ్చాడట. నా చోట అదే శిక్షణ పొందిన ఇంకో నర్సు ఉంది. గది తలుపులోంచి చూసి, "ఆ సిస్టర్ లేదా?" అని అడిగి, తన చీటీతో వెళ్లి డాక్టరు బెంచీ మీద కూర్చున్నాడు.

నమ్మకం గదికి రాలేదు, నాకు వచ్చింది. నేను బదిలీ అయితే మళ్లీ మొదటికే. అందుకే ఇప్పుడు కొత్తామె, నేను కొన్నాళ్ల పాటు ఒకే గదిలో కలిసి కూర్చుంటున్నాం. ఆమె చూస్తుంది, నేను పక్కన ఉంటాను. డాక్టరు నా విషయంలో చేసినట్టే, ఎవరైనా నా వైపు తిరిగి అడిగితే, ముందు ఆమె ఏం చెప్పిందో చదువుతాను. ఒకే గదికి ఇద్దరు నర్సులు ఎందుకని అప్పుడే పైనుంచి అడుగుతున్నారు.